అరవని జాయింటు

మా ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. వీధి వీధంతా ఆయన్ని ‘ఏదీ చూపించు మేస్త్రీ’ అంటుంది. ఎదురుగా మాత్రం అనరు, ఎదురుగా ఉత్త మేస్త్రీగారే. బండి తెచ్చినవాడు బ్రేకు పట్టట్లేదంటే ఆయన చేతులు తుడుచుకుంటూ “ఏదీ, చూపించు” అంటారు. డబ్బాలో నూనె అయిపోయిందని నేను చెప్పినా అదే మాట. బయట వాన పడుతోందంటే గుమ్మం దాకా వెళ్ళి, అరచెయ్యి చాపి, తడిసిన చెయ్యి చూసుకుని అప్పుడు “ఊఁ, పడుతోంది” అంటారు. ఒకసారి నాకు జ్వరమొస్తే థర్మామీటరు పనిచేస్తోందో లేదోనని ముందు తన నోట్లో పెట్టుకుని చూసుకున్నారు. నమ్మకం కుదిరాక కడిగి, తుడిచి నాకిచ్చారు. ఈలోగా నా జ్వరం దానంతటదే దిగిపోయింది. అలాంటి మహానుభావుడితో కాపురం చేశాను కాబట్టే నాకింత నోరొచ్చింది.

ఊరికే వచ్చిన గుణం కాదులెండి అది. పని నేర్చుకునే రోజుల్లో ఒక సీనియర్ మెకానిక్ “షాఫ్టు బోల్టులన్నీ బిగించేశాను, బండి దింపెయ్” అన్నాడట. ఈయన నమ్మి దింపేశారు. మలుపు దగ్గర షాఫ్టు ఊడి రోడ్డుకి గుచ్చుకుంది, బండి పక్కకి పడింది. డ్రైవరు ఇప్పటికీ కుంటుతూనే ఉన్నాడు. ఆ సీనియరేమో బిగించాననే చివరిదాకా వాదించాడు. అప్పటినుంచీ మా ఆయన ఎవరి మాటా తీసుకోరు. దేవుడొచ్చి దిగినా ఏదీ చూపించమనే రకం.

మాది ఫోర్ వీల్ బండ్లు, అంటే నాలుగు చక్రాలూ లాగే కొండదారి జీపుల్లాంటివి, బాగుచేసే షెడ్డు. ముందు షెడ్డు, వెనక ఇల్లు, మధ్యలో ఒక్క తలుపు. ఆయన బండి కింద పడుకుంటే నేను పానాలు అందిస్తాను, విప్పిన సామాన్లు కిరసనాయిల్లో కడుగుతాను. రేకుల షెడ్డులో సుత్తి దెబ్బలు, ఇంజను మోతల మధ్య మాట్లాడాలంటే గొంతు చించుకోవాలి. అందుకని నేనేం చెప్పినా పక్కవీధికి వినబడుతుంది. అన్నానికి రమ్మని పిలిస్తే అటువైపు ఇళ్ళవాళ్ళు కూడా టైమయిందని లేస్తారట, వెటకారం కాకపోతే.

మా ఆయనకి పేరొచ్చింది షాఫ్టు జాయింట్ల పనిలో. బండి కింద ఇంజను తిరుగుడుని చక్రాల దాకా మోసుకెళ్ళే పొడుగాటి ఇనప గొట్టమే షాఫ్టు. గతుకుల్లో చక్రాలు పైకీ కిందకీ ఊగుతుంటాయి కాబట్టి షాఫ్టుకి రెండు చివర్లా మన మణికట్టులా వంగే జాయింట్లుంటాయి. ఆ జాయింటు గుండెకాయ క్రాస్ అనే ముక్క. ప్లస్ గుర్తులా ఉంటుంది. దాని నాలుగు కొనలకీ నాలుగు కప్పులు, కప్పుల్లో సూదుల్లాంటి సన్నటి రోలర్లు. వాటి మధ్య గ్రీజు ఉన్నన్నాళ్ళూ దిగుల్లేదు. గ్రీజు ఎండిందా, సూదులు తుప్పు పట్టి పొడైపోతాయి, ఒకరోజు క్రాస్ ఫట్‌మంటుంది.

మిగతా షెడ్లలో నెల తిరిగేసరికి గ్రీజు గన్ను పెట్టి దట్టిస్తారు. మా ఆయనకి ఆ పద్ధతంటే ఒళ్ళు మంట. “తేదీ చూసి భోజనం పెట్టడానికి అదేమన్నా ఆఫీసరా? ఎక్కువ కుక్కితే సీళ్ళు పగిలి మట్టి లోపలికెళ్తుంది. ఆకలేస్తే అదే అరుస్తుంది, అప్పుడు పెట్టాలి” అనేవారు. ఆ అరుపు వినడానికి ఆయనకో చోటుంది. మా సందు పొడుగునా ఒక గోడౌను వెనకగోడ. దాని పక్కనే ఫస్టు గేరులో బండిని నెమ్మదిగా పోనిస్తూ, కిటికీ దించి, తల వంచి వినేవారు. బండి కింద పుట్టిన శబ్దం గోడకి కొట్టుకుని తిరిగొస్తుంది. గ్రీజు ఎండుతున్న జాయింటు సన్నగా కిచ్ కిచ్ మంటుంది. స్పీడందుకుంటే ఇంజను మోతలో కలిసిపోతుంది కాబట్టి మామూలువాళ్ళు పట్టుకోలేరు. ఈయన మాత్రం వెనక షాఫ్టా, ముందుదా, ఏ చివర జాయింటో కూడా చెప్పేసేవారు. పాము చెవులు మేస్త్రీవి అని డ్రైవర్లు చెప్పుకునేవాళ్ళు. ఆయనకి లోకంలో నమ్మకమున్నది రెండింటి మీదే, తన చెవులు రెండింటి మీదే.

ఇక మా మరిది సంగతి. మా ఆయనకి ఒక్కగానొక్క తమ్ముడు. సొంతంగా ఒక ఫోర్ వీల్ బండి పెట్టుకుని, కొండ మీద నీళ్ళ ట్యాంకులు కడుతున్న చోటికి పైపుల్నీ పనివాళ్ళనీ చేరవేస్తుంటాడు. ఒక పక్క రాయి, ఒక పక్క లోయ ఉన్న దారి. ఒకనాడు పొద్దున్నే బండి తెచ్చి షెడ్డు ముందు ఆపాడు.

“అన్నయ్యా, కింద కిచకిచమంటోంది. వెనక షాఫ్టనుకుంటా.”

“ఏదీ, చూపించు.”

ఇద్దరూ గోడ వెంబడి వెళ్ళొచ్చారు. మా ఆయన దిగుతూనే పెదవి విరిచారు. “ఏమీ లేదు.”

“ఏమీ లేకపోవడమేంటి! అంతలా అరుస్తుంటే వినబడలేదూ?”

“లేని శబ్దం ఎలా వినబడుతుందిరా?” అంటూ కిందకి దూరి, షాఫ్టుని రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ మెలిపెట్టారు. “ఇదిగో, ఆట ఉందా? అరిగిన జాయింటైతే కదలాలిగా. బిర్రుగా ఉంది.”

“మరి ఆ కప్పు చుట్టూ ఎర్రపొడి?”

“మీ కొండంతా ఎర్రమట్టే కదా, బండి మొత్తం ఎర్రగానే ఉంది. తుప్పో మట్టో నాకు తెలీదనుకున్నావా?”

మరిది నా వంక చూశాడు. నేను భుజాలెగరేశాను. షెడ్డులో ఆయన మాటకి అప్పీలు లేదు.

నాలుగు రోజులు తిరక్కుండా మళ్ళీ వచ్చాడు, మళ్ళీ అదే మాట. మళ్ళీ గోడ, మళ్ళీ ఏమీ లేదు. ఈసారి అన్నదమ్ములు గట్టిగానే అరుచుకున్నారు. మరిది వెళ్ళాక మా ఆయన పానాలు తుడుస్తూ నన్ను దగ్గరికి పిలిచారు. రహస్యం చెప్పేటప్పుడు కనుబొమ్మలు దగ్గరకొస్తాయి ఆయనకి.

“వాడు లేని రోగం ఎందుకు అంటగడుతున్నాడో తెలుసా? మెయిన్ రోడ్డు మీద అద్దాల గోడలతో కొత్త వర్క్‌షాపు పెట్టారే, అక్కడికి పోవాలని. ఊరికే పోతే బాగోదుగా. అన్నయ్యకి పని చేతకావట్లేదని ముద్ర వేసి మరీ పోతాడు. మొన్న అందులోంచి బయటికి రావడం నా కళ్ళతో చూశాను.”

“టైర్లలో గాలి కొట్టించుకోవడానికి వెళ్ళుంటాడు.”

“నీకు చెప్పాడా?”

“చెప్పలేదు, అనుకుంటున్నాను.”

“అదీ సంగతి” అని తలూపారు, కేసు తేలిపోయినట్టు.

చాల్లే సంబడం అనుకుని ఊరుకున్నాను. అనుమానం ఆయనకి కొత్తా, నాకు కొత్తా? కాకపోతే ఆ ఏడాది అది కాస్త ముదిరిన మాట నిజం. అందరూ తన వెనక ఏదో గొణుక్కుంటున్నారనేవారు. స్పేర్ పార్ట్స్ షాపాయన నోట్లో నోట్లో మాట్లాడుతున్నాడు, సరుకులో మోసముంది అనేవారు. కొత్త క్రాస్ తెస్తే పెట్టె విప్పి ఒక్కో కప్పులో సూదులు లెక్కపెట్టుకోవడం పాత అలవాటే, ఇప్పుడు షాపాయన ఎదురుగానే లెక్కపెట్టడం మొదలుపెట్టారు. షాపాయన మొహం మాడిపోయింది, నాకు సిగ్గుతో చచ్చినంత పనయింది.

మర్నాడు మరిది పెరటి దారిన వంటింట్లోకి వచ్చాడు. అన్న షెడ్డులో ఉన్నాడని గొంతు తగ్గించాడు.

“వదినా, అన్నయ్య నా మీద కక్షేమైనా కట్టాడా?”

“కక్షేంటి, పిచ్చా నీకు?”

“మరి నాలుగేళ్ళ పిల్లాడికి వినబడే శబ్దం పాము చెవుల మేస్త్రీకి వినబడకపోవడమేంటి? ఆ మధ్య నేను, అన్నయ్య పాతకాలం మనిషి, మిషన్లు పెట్టుకోడు అన్నానట ఎవరితోనో. అది చేరేసుంటారు. నోరుజారాను, ఒప్పుకుంటాను. దానికి నన్ను లోయలోకి తోసేస్తాడా?”

“ఛీ, ఏం మాటలవి!” అన్నాను. నాకు తెలీకుండానే నేనూ గొంతు తగ్గించాను.

తలుపు దగ్గర మా ఆయన నిలబడి ఉన్నారు. ఎంతసేపటినుంచి ఉన్నారో తెలీదు. “ఏంటా గుసగుసలు?” అన్నారు నా మొహం వంకా, వాడి మొహం వంకా మార్చి మార్చి చూస్తూ. “నన్ను చూడగానే ఆపేశారే.”

“ఆపలేదు. వాడు మాట్లాడుతూనే ఉన్నాడు” అన్నాను.

“నా చెవిలో పూలు పెట్టకు” అనేసి వెళ్ళిపోయారు.

మరిది కూడా లేచాడు. పోతూ పోతూ షెడ్డులో తాళాలు బల్ల మీద విసిరికొట్టాడు. “రేపు పొద్దున్నే పైపుల లోడుంది, పైన మనుషులు కూడా. సాయంత్రం దాకా బండి ఇక్కడే ఉంటుంది. విప్పితే విప్పు, లేకపోతే మెయిన్ రోడ్డు మీది ఆ అద్దాల షాపుకే తీసుకుపోతాను. వాళ్ళకీ ఖాళీ లేకపోతే ఇలాగే ఎక్కుతాను, నా ఖర్మ” అన్నాడు. మా ఆయన తలెత్తలేదు. వాడు సందు దాటాక మాత్రం “విన్నావా, పేరు కూడా వాడి నోటితోనే వచ్చింది” అన్నారు.

నాకు మనసు మనసులో లేదు. వాడు ఎలాగూ ఎక్కుతాడని తెలుసు, పనివాళ్ళని ఎదురుచూసేలా చేసే మనిషి కాడు. అందుకని “పదండి, నేనూ వింటాను” అని బండెక్కి కూర్చున్నాను. ఆయన ఆశ్చర్యపోయారు కానీ కాదనలేదు. సాక్షి దొరికిందనుకున్నారేమో.

గోడ మొదలయింది. ఆయన కిటికీ దించి తల వంచారు. చక్రాలు నాలుగు చుట్లు తిరిగాయో లేదో, కిచ్. కిచ్. కిచ్. నా కాళ్ళ కిందనుంచి పుట్టి, గోడకి తగిలి, నా మొహం మీదకొచ్చి పడుతోంది. బండి కొంచెం జోరందుకుంటే అరుపూ జోరందుకుంటోంది. నేనాయన వంక చూశాను. ఆయన నా వంక చూసి గెలిచినట్టు నవ్వుతున్నారు.

“ఏదీ? ఉందా ఏమైనా?”

 ఉందని అరవాలి, కానీ అరవలేదు. ఎందుకంటే ఆ క్షణంలో నాకొకటే తోచింది. కిరసనాయిలు గిన్నెల దగ్గర కూర్చునే నాకే ఇంత స్పష్టంగా వినబడితే, ఈయనకి వినబడకపోవడమనేది ఉండదు. వినబడుతోంది. తెలిసి తెలిసి నటిస్తున్నారు. మరిది చెప్పిందే నిజం. పాతకాలం మనిషి అన్నందుకు తోడబుట్టినవాణ్ణి అరిగిన జాయింటు మీద కొండెక్కిస్తున్నారు. ఇన్నేళ్ళు ఒకే కంచం, ఒకే మంచం అనుకున్న మనిషి పక్కన కూర్చుని, మొదటిసారి నాకు నా మొగుడంటే భయమేసింది.

మధ్యాహ్నం అన్నం వడ్డించాను కానీ ఆయనతో మాట్లాడలేదు. నేను మాట్లాడకపోతే ఇంట్లో ఎంత ప్రశాంతంగా ఉంటుందో అప్పుడు తెలిసింది. ఆయన చెయ్యి కడుక్కుని ఫ్రిజ్ తీసి, నీళ్ళ సీసా తీసుకుని, అక్కడే నిలబడి తాగుతున్నారు. ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచే ఉంది. కొంతసేపటికి తలుపు వెయ్యమని ఫ్రిజ్ పీప్ పీప్‌మంటూ అరవడం మొదలుపెట్టింది. ఆయన గుక్క మీద గుక్క తాగుతున్నారు. ఫ్రిజ్ ఆయన మోచేతి పక్కనే అరుస్తోంది. నాకు వంటగట్టు దగ్గరికే చెవులు చిల్లులు పడుతున్నాయి. ఆయన మాత్రం సీసా మూత పెట్టి, ఏదో ఆలోచిస్తూ, తలుపలాగే వదిలేసి షెడ్డువైపు నడిచారు.

మామూలుగా అయితే “తలుపెవడు వేస్తాడు, మీ తాతా?” అని కేకేసేదాన్ని. ఆ కేక నెలల తరబడి వేస్తూనే ఉన్నాను. ఆ కేకకి ఆయన వెనక్కొచ్చి తలుపు వేసేవారు. ఆ రోజు కేక వెయ్యలేదు కాబట్టి ఆయన ఆగలేదు. నేను ఫ్రిజ్ ముందుకెళ్ళి నిలబడ్డాను. అది అరుస్తూనే ఉంది. 

ఒక్కొక్కటీ గుర్తొచ్చింది. అందరూ గొణుగుతున్నారనడం. గుసగుసలనడం. ఫోను జేబులో మోగుతుంటే తియ్యకపోవడం, తర్వాత “వాడు ఫోనే చెయ్యలేదు, చేశానని అబద్ధమాడుతున్నాడు” అనడం. సుత్తి దెబ్బ వినబడుతుంది, ఇంజను వినబడుతుంది, నా గొంతు వినబడుతుంది. సన్నటివే పోయాయి. నా గొంతు చలవతో ఇంట్లో ఆ విషయం ఎవరికీ తెలీలేదు, ఆయనక్కూడా. నవ్వాలో ఏడవాలో తెలీలేదు నాకు. మొగుడు దుర్మార్గుడు కాదని తెలిసినందుకు ముందు ఊపిరి పీల్చుకున్నాను. తర్వాత ఏడుపొచ్చింది.

కానీ ఏడుస్తూ కూర్చుంటే సాయంత్రమైపోతుంది. షెడ్డులోకి వెళ్ళాను. ఈ మాట మెత్తగా చెప్పే విద్య నాకు రాదు.

“ఏవండీ, మీకు చెవులు సరిగ్గా వినబడట్లేదు.”

ఆయన పానా కింద పెట్టారు. “ఏంటీ?”

“జాయింటు అరుస్తోంది. నేను విన్నాను. మీకే వినబడట్లేదు. ఇప్పుడు ఫ్రిజ్ కూడా అరిచింది.”

“ఓహో!” అన్నారు. ఆ ఓహో చాలా పొడుగ్గా వచ్చింది. “వాడి ఎత్తు ఇక్కడిదాకా వచ్చిందన్నమాట. ముందు పని చేతకాదన్నారు, ఇప్పుడు చెవిటివాణ్ణి చేశారు. రేపు పిచ్చివాడంటారు. బండిలో నువ్వేమీ అనలేదే మరి? మధ్యలో వాడు ఫోన్ చేశాడా?”

“నా మొహం! ఎవరూ చెయ్యలేదు. నా కళ్ళు చూసి చెప్పండి, నేనెప్పుడైనా మీతో అబద్ధమాడానా?”

“ఆడావో లేదో నాకెలా తెలుస్తుంది?” అన్నారు. అదీ ఆయన. ఒళ్ళు మండిపోయింది నాకు. “అయితే విప్పండి! జాయింటు విప్పి చూడండి. బాగుంటే నేనూ మీ తమ్ముడూ కలిసి నాటకమాడినట్టే. విప్పడానికి భయమా?”

భయమన్న మాట పనిచేసింది. “మీ ఇద్దరి బండారం ఇప్పుడే బయటపెడతాను” అని లేచారు.

కోపంలో కూడా ఆయన పని పద్ధతి తప్పలేదు. చక్రాలకి ముందూ వెనకా దుంగలు పెట్టారు. షాఫ్టు రెండు చివర్లా ఉలితో గీతలు కొట్టారు, తిరిగి బిగించేటప్పుడు ఏ వైపుది ఆ వైపే కూర్చోవాలని. గీత తప్పితే కొత్త జాయింటైనా బండి గడగడలాడుతుంది. బోల్టులు విప్పి, బరువంతా గుండెల మీద పడకుండా నా చేత ఒక చివర పట్టించి షాఫ్టు దించారు. ఇనుముని దవడల్లా కరిచిపట్టే వైసు ఉంది బల్లకి, దాంట్లో బిగించి, జాయింటు అవతలి ముక్కని చేత్తో పట్టుకుని వంచారు.

కీచుమంది. నా పళ్ళు జివ్వుమన్నాయి.

“ఎందుకలా మొహం పెట్టావ్?”

“అరుస్తోంది కదండీ!”

ఆయన మళ్ళీ వంచారు. నడుమ ఎక్కడో పట్టేసి, ఒక్క కుదుపుతో వదిలింది. ఆ కుదుపు ఆయన అరచేతికి తెలిసింది, మణికట్టు బిగుసుకోవడం నేను చూశాను. గ్రీజు ఉన్న జాయింటు వేలితో తోస్తే వంగుతుంది. అయినా ఆయన కనుబొమ్మలు దగ్గరకొచ్చాయి.

“నా చెయ్యి చూసి చెప్తున్నావ్ నువ్వు. అటు తిరుగు.”

“ఏంటీ?”

“గోడకేసి తిరుగు. నేనడిగినప్పుడు చెప్పు.”

తిరిగాను. రేకు గోడకి తగిలించిన బెల్టులు చూస్తూ నిలబడ్డాను.

“ఇప్పుడు?”

“అరిచింది.”

“ఇప్పుడు?”

“లేదు.”

“ఇప్పుడు?”

“అరిచింది. రెండుసార్లు.”

“ఇప్పుడు అరిచిందిగా?”

“లేదు.”

“సరిగ్గా విను, అరిచింది.”

“లేదంటున్నానా! అసలు కదిపారా మీరు?”

 కదపలేదని నాకర్థమయింది. నన్ను పట్టుకోవడానికి వేసిన ఎత్తది. ఆ తర్వాత ఆయన అడగడం మానేశారు. కీచు. కీచు. కీచు. ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంది. ఎంతకీ ఆగకపోతే వెనక్కి తిరిగాను. వైసు మీదకి వంగి, చెవి జాయింటు పక్కనే పెట్టి, కళ్ళు మూసుకుని, వంచుతూనే ఉన్నారు. కుడిచెవి పెట్టారు, తర్వాత ఎడమచెవి పెట్టారు. ఆ ఇనుము నా ఎముకల్లోకి అరుస్తుంటే, ఆయన మొహంలో మాత్రం ఏదీ లేదు, ఎదురుచూడ్డం తప్ప.

“చాలండి” అన్నాను. “ఏవండీ, చాలు!” అని అరిచాను.

ఆపారు. చాలాసేపు తన చెయ్యి వంక చూసుకున్నారు. “అయితే వాడు నిజమే చెప్పాడన్నమాట” అన్నారు.

కప్పులు ఊడకుండా పట్టే లాకులు తీసి, క్రాస్‌ని వైసులో నొక్కి కప్పులు బయటికి తెప్పించారు. మూడింట్లో ఎండిన గ్రీజు కాస్త నల్లగా ఉంది. నాలుగో కప్పు బోర్లిస్తే ఎర్రటి పొడి బల్ల మీద కుప్ప పడింది, దాంట్లో విరిగిన సూదులు. క్రాస్ కొన సగం అరిగిపోయింది, పొడి బిర్రుగా కూరుకుపోబట్టే ఆట తెలీలేదు. కొండెక్కితే ఇంకో రెండు మలుపులు ఆగేదేమో, అంతే. ఆయన ఆ పొడిని వేలితో ముట్టుకున్నారు. “స్పేర్ పార్ట్స్ వాడు డూప్లికేటు అంటగట్టుంటాడు” అన్నారు. గొంతులో పస లేదు. నేనేమీ అనకముందే “కాదులే, ఇది నా పనే” అని ఆయనే అన్నారు.

నేను తిడతాననుకున్నారేమో. తిట్టలేదు. కొత్త క్రాస్ పెట్టె తెచ్చిచ్చాను. గ్రీజులో సూదులు ఒక్కొక్కటే నిలబెట్టి కప్పులు తొడిగారు, ఒక్క సూది అడ్డం పడినా లాకు కూర్చోదు. గీతకి గీత కలిపి షాఫ్టు ఎక్కించారు. గన్ను పెట్టి నాలుగు కొనల్లోంచీ గ్రీజు పొంగేదాకా కొట్టారు. తర్వాత అడక్కుండానే ముందు షాఫ్టు జాయింట్లకీ కొట్టారు. అవి అరుస్తున్నాయో లేదో నన్నడగలేదు, నేనూ చెప్పలేదు.

ఎండ దిగుతుండగా బండి సందులోకి తీశారు. కిటికీ దించారు కానీ తల వంచలేదు. ఒక కన్ను దారి మీదా ఒక కన్ను నా మీదా వేసి నడుపుతున్నారు.

“ఉందా?”

ఊపిరి బిగబట్టి విన్నాను. టైర్ల కింద కంకర, ఇంజను, గోడ. “లేదు.”

“సరిగ్గా విన్నావా?”

“విన్నాను.”

సందు చివర తిప్పి మళ్ళీ పోనిచ్చారు. అలవాటు ఎక్కడికి పోతుంది? “ఇప్పుడు?” అన్నారు. లేదన్నాను. మూడోసారి తిప్పబోయి, స్టీరింగు మీద చేతులాపి, ఏమనుకున్నారో షెడ్డు ముందుకి తీసుకొచ్చి ఆపేశారు.

మరిది అక్కడే ఉన్నాడు, చేతులు కట్టుకుని, మొహం ముడుచుకుని. బల్ల మీదున్న ఎర్రపొడినీ పాత క్రాస్‌నీ అప్పటికే చూశాడు.

“విప్పావన్నమాట” అన్నాడు.

“విప్పాను. పోయింది. నువ్వు చెప్పిందే నిజం.”

మరిది నమ్మనట్టు చూశాడు. వాళ్ళన్నయ్య నోటినుంచి ఆ మాట వాడెప్పుడూ వినలేదు. “మరిప్పుడు? శబ్దం ఆగిందా? నువ్వు విన్నావా?”

మా ఆయన తాళాలు తీసి చేతిలో తిప్పుతూ నిలబడ్డారు. ఏదో కథ చెప్తారనుకున్నాను. విన్నాననేస్తే సరిపోయేది, నేను కాదనేదాన్ని కాదు.

“నాకు వినబడదురా” అన్నారు. “మీ వదిన విన్నది. లేదంది. తీసుకెళ్ళు.”

తాళాలు తమ్ముడి చేతిలో పెట్టేశారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ వాన పడుతోందని నేనంటే చెయ్యి బయటపెట్టి చూసుకున్న మనిషి, నా ఒక్క మాట మీద తోడబుట్టినవాణ్ణి కొండకి పంపుతున్నారు. మరిది నా వంక చూశాడు. ఏదో ఒకటి అందామని నోరు తెరిచాను. పెదాలు మాత్రమే కదిలాయి.

ఆయన నా పెదాల కేసి చూసి, గబుక్కున దగ్గరికొచ్చి చెవి నా వైపు తిప్పారు.

“ఏమన్నావ్? కాస్త గట్టిగా చెప్పు, నాకు వినబడలేదు.”

నేనింకా ఏమీ అనలేదు.